పెళ్లికొడుకు బండి

తాళంచెవి తిప్పాడు అంతయ్య. బండి టిక్కుమని ఊరుకుంది. మళ్లీ తిప్పాడు. మళ్లీ అదే టిక్కు.

“ఏమైందయ్యా?” ఫంక్షన్ హాలు ఓనరు వెంకటేశ్వరరావు మఫ్లర్ బిగించుకుంటూ వచ్చాడు. “నిన్న సాయంత్రం బాగానే తిరిగిందిగా?”

“చలికి సార్. రాత్రంతా కరెంటు లేకపాయె. చార్జింగ్ ఎక్కలె.”

“సాకులొద్దు. ఇవాళ గానీ ఇది కదల్లేదా, రూము ఖాళీ చేసి తాళం నా చేతిలో పెట్టి వెళ్లు.”

రూమంటే గేటు పక్కన రేకుల గది. నల్లగొండ దిక్కు బోరెండిపోయి పట్నానికొచ్చిన అంతయ్య, భార్య కిష్టమ్మ ఆరేళ్లుగా అందులోనే బతుకుతున్నారు. అది పోతే మళ్లీ ఎల్బీనగర్ చౌరస్తాలో కూలి అడ్డాయే దిక్కు.

ఎక్కడో గోల్ఫ్ ఆడే దొరలను మోసిన బ్యాటరీ బండి అది. ముసలిదయ్యాక ఇక్కడికొచ్చి పెళ్లికొడుకులను మోస్తోంది. విడిది లోపల, పెళ్లి మంటపం రోడ్డుకు అవతల. మామూలు రోజైతే నడిచిపోయే దూరం. ఇవాళ మామూలు రోజు కాదు.

రెండువేల తొమ్మిది డిసెంబరు. తెలంగాణ కావాలన్న ప్రతి పిల్లగాడి వెనక ఒక పోలీసు వ్యాను తిరుగుతున్న కాలం. విద్యార్థి నాయకుడు విజయ్‌కుమార్ ఈ ఆవరణలోకి దూరాడని తెల్లవారకముందే పోలీసులొచ్చి గేటు మూశారు. చుట్టాలు లోపల, పాలక్యాన్లు బయట. ఊరు మనది, గేటు వాళ్లది.

పెళ్లికొడుకు తల్లి రాజేశ్వరమ్మ ఎస్సై ముందు నిలబడింది. పోచంపల్లి మనిషి, దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం నడిపిన నోరు.

“తొమ్మిదిన్నరకు ముహూర్తం సారూ. ముందు ఎదుర్కోలుంటది. పోరన్ని పెండ్లికొడుకును చేసినంక మా ఇండ్లల్ల నేల మీద కాలు పెట్టనియ్యం. బండిల పోనియ్యి. లేదంటే పెండ్లి ఆగిందని నీ పేరే చెప్త.”

ఎస్సై గడ్డం గోక్కున్నాడు. “బండిలో పెళ్లికొడుకూ డ్రైవరూ. మూడో మనిషి కనపడితే ఊరుకోను.”

“నేను రావొద్దా?”

“వద్దు.”

“మంచిది. ఎనుక ఒస్త తియ్యి.”

అందరూ బండి వైపు చూశారు. అంతయ్యకు చలిలో చెమట పట్టింది. సీటు ఎత్తాడు. వెంటనే ఎస్సై వచ్చి లోపలికి లాఠీ పొడిచాడు.

“కింద ఎవడన్నా దాక్కున్నాడా?”

“బ్యాటరీలు సార్. షాక్ కొడ్తయ్.”

లాఠీ గబుక్కున బయటికొచ్చింది. వెనక కానిస్టేబుల్ ఒకాయన మీసాల్లో నవ్వుకున్నాడు.

ఆరు బ్యాటరీలు. వైర్లు బిగించే చోట సున్నంలా తెల్లగా పేరుకుపోయింది. “కిష్టమ్మా! వంటోళ్లనడిగి ఉడుకునీళ్లు, తినేసోడా పట్కరా, ఉరుకు!”

సోడా నీళ్లు పోస్తే బుసబుస పొంగింది. పాత బ్రష్షుతో రుద్దాడు. చలికి వేళ్లు కొయ్యల్లా ఉన్నాయి, పానా జారుతోంది. ఒక వైరు చేతికే ఊడొచ్చింది.

“నీ తల్లి, నువ్వా నా కొంప ముంచేది!” అని దాన్ని గట్టిగా బిగించి తాళం తిప్పాడు. టిక్కుమంది. బండి ముందుకు దూకింది.

“తోల్కరాండ్రి!” అని అరిచాడు.

మేనమామలిద్దరు పెళ్లికొడుకును కుర్చీతో సహా మోసుకొచ్చి బండిలో కూర్చోబెట్టారు. నుదుట బాసింగం, దాని నుంచి మొహం నిండా వేలాడే మల్లెదండలు, తల మీంచి శాలువా. మనిషి సన్నగా వణుకుతున్నాడు.

“చలి పెడ్తుందా బిడ్డా?” అన్నాడు అంతయ్య. శాలువా తలూపింది.

రాజేశ్వరమ్మ ఆ చెయ్యి పట్టుకుని వదల్లేదు. కళ్లు నిండిపోయాయి.

“గంత ఏడుపేందమ్మా, రోడ్డు అవతలికే గద!”

“అవునయ్యా,” అందామె. “జర పైలం.”

గేటు దగ్గర రోడ్డు ఎత్తు. సగం ఎక్కి బండి ఉసూరుమంది. అంతయ్య గుండె కూడా. వెనక్కి చూస్తే వెంకటేశ్వరరావు రేకుల గది వైపు చూస్తున్నాడు.

“తోయండ్రా, స్టార్టవుద్ది!” ఎస్సై కేకేశాడు.

“గిది పెట్రోల్ బండి గాదు సార్. తోస్తె స్టార్ట్ గాదు.”

“కాకపోతే కాకపోయింది, అవతలికన్నా చేరుద్ది! ఆవిడ నోటికి నేను బలవ్వాలా?”

నలుగురు కానిస్టేబుళ్లు లాఠీలు చంకన పెట్టుకుని బండికి భుజాలు ఆన్చారు. “పెండ్లికొడుకు బండి తోస్తె పున్నెం రా,” అన్నాడు మీసాలాయన. బండి గేటు దాటింది. పికెట్ దాటింది. రోడ్డు దాటింది. మంటపం మెట్ల దగ్గర పెళ్లికొడుకు వాళ్లకు రెండు చేతులెత్తి దండం పెట్టాడు. చుట్టాలు అతన్ని ఎత్తుకుని లోపలికి పోయారు.

తిరుగు దారి వాలే కాబట్టి బండి దానంతటదే దిగింది.

పోలీసులు మాత్రం వదల్లేదు. విడిదిలో ప్రతి గదీ వెతికారు. బియ్యం బస్తాలు పొడిచారు. కనపడ్డ ప్రతి పిల్లగాడి మొహం ఫోటో పక్కన పెట్టి చూశారు. తొమ్మిదికి ఉత్త చేతుల్తో వ్యానెక్కి కొత్తపేట దిక్కు పోయారు.

“తాళం నీ దగ్గరే ఉండనీలే,” అన్నాడు వెంకటేశ్వరరావు, మొహం అటు తిప్పుకుని.

అంతయ్య ఊపిరి పీల్చుకుని మెట్టు మీద కూలబడ్డాడు. రాజేశ్వరమ్మ విడిదిలోంచి బయటికొచ్చింది. రోడ్డు ఖాళీగా ఉందో లేదో అటూ ఇటూ చూసింది. కళ్లు తుడుచుకుని అంతయ్య భుజం తట్టింది.

“బండి తియ్యి అంతయ్యా, మావోళ్లు తోస్తరు, అసలు పెండ్లికొడుకును తోల్కపోదాం.”