సీసం గోదాము

రంగూన్ రేవులో పని ఇప్పిస్తానని మేస్త్రీ లింగరాజు తన ఊరివాళ్ళను ఓడెక్కించాడు. తీరా దిగాక ఉత్తరాన కొండల్లోని సీసం గనికి తోలేశాడు. అక్కడ సొరంగం కూలి, వాళ్ళలో బుల్లియ్య చనిపోయాడు. శవం కూడా దొరకలేదు. "బాగానే ఉన్నాడమ్మా" అని, రంగూన్‌లోనే ఉంటున్న అతని భార్య నరసమ్మతో లింగరాజు మొన్న కూడా అబద్ధమాడాడు. ఆమె దణ్ణం పెడితే తలెత్తలేకపోయాడు.

ఆ రాత్రి గని నుంచి రైల్లో వచ్చిన సీసం దిమ్మెలను రంగూన్ రేవు గోదాములో పెట్టించి, తాళం వేశాడు. కూలీలు వెళ్ళిపోయారు. లోపల ఎవరో దగ్గారు. ఆ దగ్గు అతనికి తెలుసు, బుల్లియ్యది.

"మేస్త్రీ ఉన్నాడేటి?" అని తలుపు వెనక నుంచి మెల్లగా వినిపించింది.

క్షమించమని అడగాలనుకున్నాడు. నోటికి మళ్ళీ అబద్ధమే వచ్చింది.

"లేడు. ఇంటికెలిపోనాడు" అన్నాడు, సిగ్గుతో చితికిపోతూ.

లోపల మళ్ళీ దగ్గు వినిపించింది.

"అయితే ఇంటికే ఎల్తాను."

తాళం వేసినట్టే ఉంది. అడుగుల చప్పుడు మాత్రం బయట, అతని పిల్లలు నిద్రపోతున్న వీధి వైపు సాగిపోయింది.