కాలని చొప్ప

దంచిన మొక్కజొన్నను ఎనెలేసి చేటలో చెరుగుతోంది. తవుడు ఎగిరి కాళ్ళ దగ్గర పడుతుంటే కోళ్ళు ఏరుకుంటున్నాయి. ఇంట్లో పంచాయితీ జరుగుతున్నది ఆమె గురించే. అయినా చేట ఆగలేదు.

"దాన్ని కాసేపు పక్కన పెట్టమ్మా," అన్నాడు ముసలి బందావే. ఆ ఇంట్లో ఏ తగువొచ్చినా తీర్పు ఆయనదే.

"ఇది ఇవాళ నానకపోతే పిల్లలకి ముద్ద ఉండదు పెద్దయ్యా. మీరు మాట్లాడండి. నా చెవులు ఖాళీగానే ఉన్నాయి."

బందావే చెల్లెలు నాసిబేకో గోడకు ఆనుకుని కాళ్ళు చాపుకుని కూర్చుంది. ఇంటికి పెద్దావిడ. ఎనెలేసి మొగుడు లుఫేయో గుమ్మం పక్కన గొంతుక్కూర్చున్నాడు. వచ్చిన దగ్గర్నుంచీ ఆ పెద్దావిడ ముఖంలోకి ఒక్కసారి కూడా చూడలేదు.

"ఏం జరిగింది?" అడిగాడు బందావే.

"ఏం చెప్పమంటారు పెద్దయ్యా," అన్నాడు లుఫేయో, నేలకేసి చూస్తూ. "పొద్దున్న స్నేహితుల్ని వెంటబెట్టుకుని చేలోకి వెళ్ళాను, చొప్ప తగలబెడదామని. ఈవిడ వచ్చి సరిగ్గా చొప్ప మధ్యలో కూర్చుంది. 'అంటించండి, నేనూ ఇక్కడే ఉన్నా' అంది. వాళ్ళు అగ్గిపెట్టె జేబులో పెట్టుకుని నవ్వుకుంటూ పోయారు."

"నిజంగా కూర్చున్నావా?"

"కూర్చున్నా. చల్లగా ఉంది," అంది ఎనెలేసి.

కిటికీ అవతల చేరిన ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు.

మలావిలో కోతలు అయ్యాక ఏ ఊళ్ళో చూసినా పొగే. చొప్ప కాలితే ఎలుకలు బయటపడతాయి. పుల్లలకు గుచ్చి కాల్చుకోవచ్చు, రోడ్డు మీద అమ్ముకోవచ్చు. చేను తుడిచిన వాకిలిలా అవుతుంది. ఊరు మొత్తంలో ఈ ఒక్క చేనే చొప్ప కప్పుకుని పడుకుంది. ఇలా పడుకోవడం ఇది మూడో ఏడు.

"కల్లు కుండ దగ్గరికి వెళ్తే నన్ను చెత్త మొగుడంటున్నారు," అన్నాడు లుఫేయో. "సోమరిపోతుల చేనట. ఎలుకలు కావాలంటే నేను పక్కవాడి చేలో అడుక్కోవాలా?"

"గడ్డపార ఉందిగా, చిసోమో నాన్నా. తవ్వి పట్టుకో. నిప్పు పెడితే కాళ్ళ దగ్గరికొస్తాయని తవ్వడం మానేశారు మీరంతా."

"చూశారా పెద్దయ్యా, ఆ నోరు?"

బందావే గడ్డం గోక్కున్నాడు. "చొప్ప ఏం చేసిందమ్మా నీకు? నేనూ జీవితమంతా కాల్చినవాణ్ణే."

ఎనెలేసి చేట ఒళ్ళో పెట్టుకుంది.

"మీ చిన్నప్పుడు చొప్పలో ఏనుగు దాక్కునేదని మీరే చెప్పేవారు. నా చిన్నప్పుడు మనిషి దాక్కునేవాడు. ఇప్పుడు మన కోడి కూడా దాక్కోలేదు. ఏటా కాల్చాం. అడవి అయిపోయాక పొయ్యిలో పెట్టాం. మిగిలింది పశువులకి వేశాం. నేలకి ఎవరు పెట్టారు పెద్దయ్యా? మూడేళ్ళు దాని తిండి దానికి వదిలేశాను. ఇప్పుడిప్పుడే చొప్ప కింద మన్ను నల్లబడుతోంది. ఇవాళ నిప్పు పెడితే మళ్ళీ మొదటికే."

నాసిబేకో కోళ్ళను అదిలించింది.

"ఈ గోడలు నా చేతులతో కట్టాను," అన్నాడు లుఫేయో. "ఇటుక ఇటుకా నేనే కాల్చాను. నా మాటకి ఈ ఇంట్లో విలువ లేదా?"

"కట్టావు. ఎవరూ కాదనలేదు," అన్నాడు బందావే.

"అయితే చొప్ప కాలాలి. లేదంటే ఈ కాపురం ఇంతే."

బందావే ఎనెలేసి వైపు తిరిగాడు. "విన్నావుగా. నీ మాటేంటి?"

ఆమె తల తిప్పి చూసింది. మూలన చాప మీద చిన్న కూతురు బోర్లా పడుకుని నిద్రపోతోంది. పెళ్ళినాటి చాప. పిల్లలిద్దరూ దాని మీదే పుట్టారు.

"కాపురం పోతే పోనీ," అంది. "చొప్ప మాత్రం కాలదు."

కిటికీ అవతల గుసగుసలు మొదలయ్యాయి.

"పాపం, ఇంత కాలం కాపురం చేశాక చాప చుట్టుకుని పోవడమంటే..."

"మరి పిల్లలు?"

"పిల్లలు ఇంటివాళ్ళు కదే. వాళ్ళెక్కడికి పోతారు?"

బందావే ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "మళ్ళీ ఆలోచించుకోండి. చాప గడప దాటాక మన రివాజులో వెనక్కి పిలవడం లేదు."

లుఫేయో తల అడ్డంగా ఊపాడు.

"ఆలోచించడానికి మూడేళ్ళు పట్టింది నాకు," అంది ఎనెలేసి.

"అయితే చాప చుట్టాల్సిందే," అన్నాడు బందావే. కర్ర పట్టుకుని నెమ్మదిగా లేచాడు.

లుఫేయో భుజం పట్టుకుని వేలాడుతున్న కొడుకు చిసోమోకు ఏమీ అర్థం కాలేదు. "అమ్మా, ఇప్పుడు ఎలుకలు పట్టమా?" అని అడిగాడు.

ఎనెలేసి చేట దింపింది. చేతులకు అంటిన తవుడు దులుపుకుంది. కళ్ళు మండుతున్నాయి, కానీ తడవనివ్వలేదు. మూలకు వెళ్ళి కూతురిని నిద్ర చెదరకుండా ఎత్తుకుని భుజాన వేసుకుంది. చాప ఖాళీ అయింది.

అత్త నాసిబేకో ఇంటికి కాపురానికొచ్చిన లుఫేయో ఆ చాప చుట్టి చంకన పెట్టుకుని, గడప దాటి, పుట్టింటి దారి పట్టాడు.