హాల్వెర్ కడియం

"ఏమ్మా, ఇవాళ ఎంతమందికి కుదరదన్నావు?" అడిగింది జావ కొట్టు నెనిటా, వేడి జావ మీద అల్లం తురుము చల్లుతూ.

"అవన్నీ గుర్తు పెట్టుకుంటే జావ గొంతు దిగదక్కా," అంది మార్లీన్.

మార్లీన్ ఒచోవాది హాల్వెర్ రక్షణ కంపెనీలో ఫోన్ ఉద్యోగం. వీధిలో ఎవరైనా పడిపోతే వాళ్ళ తాలూకు మనుషులు ఫోన్ చేస్తారు. పడిపోయిన మనిషి చేతికి డబ్బు కట్టి కొనుక్కున్న హాల్వెర్ కడియం ఉంటే ఎగిరే అంబులెన్స్ వస్తుంది. లేకపోతే, కుదరదండీ అని మెత్తగా చెప్పి మార్లీన్ ఫోన్ పెట్టేస్తుంది.

ఆమె గొంతుకి కంపెనీలో మంచి పేరు. ఆమె కాదన్నా ఎవరూ తిట్టరని పైవాళ్ళు మెచ్చుకునేవారు.

"మీ బాధ మాకు అర్థమవుతోందండీ," అని ఆఫీసు గొంతుతో అనుకరించి చూపించింది నెనిటాకి. ఇద్దరూ నవ్వుకున్నారు.

పక్క బల్ల దగ్గర ముసలాయన తలెత్తాడు.

మాసిన గడ్డం, చిరుగుల చొక్కా, సొట్టలు పడ్డ ఇనప చెయ్యి. మార్లీన్ వైపే చూస్తూ మెల్లగా లేచి దగ్గరికొచ్చాడు. చేతిలో గిన్నె ఉన్న సంగతి మరిచిపోయినట్టున్నాడు. గిన్నె ఒరిగి, జావంతా ఆమె కోటు మీద పడింది.

"కళ్ళు కనిపించట్లేదా?"

"పొరపాటైందమ్మా." మెడలోని గుడ్డ తీసి తుడవబోయాడు.

"ముట్టుకోకు."

"ఒక్క మాట అడగనా అమ్మా?"

"నీతో నాకు మాటలేంటి? అక్కా, ఇలాంటి వాళ్ళని కూర్చోబెడితే మాలాంటి వాళ్ళు నీ కొట్టుకి రారు."

"పోనీలే తల్లీ. రోజూ వచ్చే మనిషే, పాపం. టేట్ అని మంచాయన."

మార్లీన్ వినలేదు. మలుపులో ఉన్న కంపెనీ కాపలావాళ్ళని చెయ్యి ఊపి పిలిచింది. ఇద్దరొచ్చి ముసలాయన్ని చంకల కింద పట్టుకుని వానలోకి గెంటేశారు. ఆయన పెనుగులాడలేదు. పందిరి చూరు అవతల నిలబడి, తడుస్తూ ఆమెనే చూస్తున్నాడు.

ఆమె అటు వీపు పెట్టి కూర్చుంది.

అంతలో వీధి చివర తుపాకులు పేలాయి. రెండు కంపెనీల కాపలావాళ్ళకి మళ్ళీ పడలేదు. ఆ వీధికి అది కొత్త కాదు. జనం తినే గిన్నెలతో సహా బల్లల కింద దూరారు. మార్లీన్ కోటు మరక తుడుచుకుంటూ ఒక్క క్షణం ఆలస్యం చేసింది.

పొట్టలో ఏదో వేడిగా దిగింది. కింద పడిపోయింది.

కళ్ళు మూతలు పడుతుంటే ముసలాయన మొహం ఆమె మీదికి వంగింది. ఇనప చెయ్యి ఆమె మణికట్టు పట్టుకుంది.

దొంగ, అనబోయింది. నోరు పెగల్లేదు.

మెలకువ వచ్చేసరికి తెల్లటి గదిలో ఉంది. పక్కన ఆమె పై అధికారి గ్రెగర్సన్ కూర్చుని ఉన్నాడు.

"అదృష్టవంతురాలివి మార్లీన్."

"కంపెనీ దయ సార్."

గ్రెగర్సన్ చిన్నగా నవ్వాడు. "కంపెనీయా? ఆఫీసు గేటు దాటితే మన ఉద్యోగుల కడియాలు పని చెయ్యవు కదా. వేరే ఎవరి కడియమో నీ చేతికి ఉంది. టేట్ అట. మామూలుగా అయితే కేసు పెట్టాలి. మన మనిషివని వదిలేశాం."

"మరి ఆయన సార్?"

"ఎవరు?"

"ఆ టేట్."

"కడియం ఉన్నవాళ్ళనే కదమ్మా ఎత్తుకొస్తాం," అన్నాడు ఆయన, ఇంత చిన్న విషయం తెలియదా అన్నట్టు.

లేచి నడవగలిగిన రోజున ఆమె నేరుగా కొట్టుకి వెళ్ళింది. నెనిటా కూర్చోమనలేదు. జావ పొయ్యలేదు.

"ఆయనకి కూడా తగిలిందా అక్కా?"

"తగలదా మరి? వానలో ఒక్కడే నిలబడి ఉంటే? బల్ల దగ్గరుంటే అందరితో పాటు కిందికి దూరేవాడు."

మార్లీన్ తల వంచుకుంది.

"తొడలోంచి నెత్తురు కారిపోతూనే ఉంది," అంది నెనిటా. "అలాగే నీ దాకా పాక్కుంటూ వచ్చాడు. భార్య పోయాక పట్టుబట్టి సంపాదించుకున్నాడా కడియం, తనకా గతి పట్టకూడదని. నిద్రలో కూడా తీసేవాడు కాదు. దాన్ని విప్పి నీ చేతికి పెట్టాడు."

"అంబులెన్స్ వాళ్ళకి నువ్వు చెప్పలేదా?"

"కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. ఆయన ఉత్త చెయ్యి చూసి వెళ్ళిపోయారు. మీ ఆఫీసుకీ ఫోన్ చేశాను. ఎవరో కొత్త పిల్ల. చాలా మర్యాదగా చెప్పింది."

ఏం చెప్పిందో మార్లీన్ అడగలేదు. ఆ మాటలన్నీ ఆమెకి కంఠతా వచ్చు.



"నేను ఆయన్ని గెంటించాను కదక్కా. నాకెందుకు పెట్టాడు?"

నెనిటా గరిటె పక్కన పెట్టి మొదటిసారి ఆమె మొహంలోకి చూసింది.

"నేనూ అదే అడిగాను," అంది. "'ఈ గొంతు నాకు తెలుసు, మా ఆవిడ వీధిలో పడిపోయిన రోజు ఫోన్లో కుదరదండీ అన్న అమ్మాయి ఈమే. ఈమె విషయంలో ఆ మాట ఎవరూ అనకూడదు,' అన్నాడు, అంతే."