గేటు దాటిన కారు

మూడు చక్రాల కారు మళ్ళీ గేటు దాటేసింది.

గేటు వేసే ఉంది. దాని ముందు చేపల లారీ ఆగి ఉంది. ఆటో ఆగి ఉంది. ధాన్యం బస్తాల ట్రాక్టరు ఆగి ఉంది. కారు మాత్రం పట్టాలకు అవతల, ఏలూరు రోడ్డు మీద ఉంది.

అన్నీ బొమ్మలే.

నెల్సన్ భీమడోలు స్కూల్లో డ్రాయింగు మాస్టారు. క్రిస్మస్‌కి చర్చి హాల్లో ఏసు పుట్టిన పశువుల పాక కట్టడం ఏటా అతని పని. ఈసారి పాక చుట్టూ బొమ్మరైలుకి పట్టాలు వేశాడు. గొడుగు కమ్మీలతో ఊరి రైలుగేటు పెట్టాడు. అగ్గిపెట్టెలతో లారీ చేశాడు.

కారు కోసం మాత్రం నెలంతా కూర్చున్నాడు. పౌడరు డబ్బా రేకు. చొక్కా గుండీలు చక్రాలు. ముందు ఒకటి, వెనక రెండు.

అలాంటి కారు ఈ చుట్టుపక్కల ఒక్కటే ఉండేది. మిషను దొరగారు వాళ్ళ దేశం వెళ్ళిపోతూ నెల్సన్ తండ్రి సుకుమార్ మాస్టారికి ఇచ్చి వెళ్ళారు. ఏ ఊళ్ళో గేటు పడినా మాస్టారు కారు దిగి, గేటుమేన్ మొహం చూసి వచ్చేవారు. అదో అలవాటు.

జూన్‌లో మాస్టారు పోయారు. అప్పటినుంచీ తల్లి వరమ్మ గడప దాటలేదు. పలకరించినా పలకదు. "నాన్న కారు చేశానమ్మా, చూద్దువుగాని రా" అని బతిమాలితే ఈవేళ సరేనంది.

సెల్లు మోగింది. భార్య రూబీ.

"అత్తయ్య రిక్షా ఎక్కారండి. వచ్చేస్తున్నాం."

నెల్సన్ కంగారుగా బల్ల చుట్టూ మూగిన పిల్లల వైపు తిరిగాడు.

"కారు ముట్టుకుంది ఎవర్రా?"

"మేం కాదు సార్. అదిగో, ఆ తాత."

బల్ల పక్కన ఒక ముసలాయన సంచి పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఊరి మనిషి కాదు.

"ఏవండీ, మీరేనా?"

"నేనేనండి. మా అమ్మాయి ఊరెళ్తా, ఈ ఊరి రైలుగేటు ఓసారి చూసి పోదామని దిగానండి. ఇక్కడ పిల్లలు మూగి ఉంటే..."

"గేటు వేసుంది కదండీ. కారెలా దాటుద్ది? ఎగిరా?"

పిల్లలు నవ్వారు.

"దాటిందండి," అన్నాడు ముసలాయన.

నెల్సన్ కారు తీసి లారీ వెనక పెట్టాడు. పాక మీద నక్షత్రం వాలిపోతుంటే సర్ది, వెనక్కి తిరిగాడు.

కారు మళ్ళీ అవతల ఉంది.

"చెబితే మీకర్థం కాదా? పెద్దవారు కదా అని ఊరుకుంటుంటే!"

ముసలాయన వంగి కారులోకి చూస్తున్నాడు.

"ఇందులో పిల్లాడు బతికాడాండి?"

"రేకు ముక్కలో పిల్లాడేంటండీ?"

"చంటోడండి. వాళ్ళమ్మ ఒళ్ళో..."

"మందు పుచ్చుకొచ్చారా ఏంటి? ఇది చర్చి అండి. ముందు బయటికి నడవండి."

ముసలాయన కారు వైపు ఇంకోసారి చూశాడు. సంచి భుజానికి తగిలించుకున్నాడు.

"పాసింజరు వేళయింది. వస్తానండి."

అతను ఒక గుమ్మంలోంచి వెళ్ళాడు. వరమ్మ ఇంకో గుమ్మంలోంచి వచ్చింది. కారు సర్దే వ్యవధి లేకపోయింది.

వరమ్మ పాక చూడలేదు. రైలు చూడలేదు. తిన్నగా కారు దగ్గరికి వెళ్ళింది.

"గేటు అవతల పెట్టావేరా?"

"నేను కాదమ్మా. ఎవరో ముసలాయన. వద్దంటే వినడే!"

వరమ్మ కొడుకు వైపు తిరిగింది.

"ఏమన్నాడు?"

"ఇందులో పిల్లాడు బతికాడా అన్నాడు. తాగొచ్చాడనుకుని పంపేశాను."

వరమ్మ బల్ల పట్టుకుంది.

"ఆ రోజు గేటు వేసుందిరా. మెయిలు వచ్చే వేళ. నా ఒళ్ళో నీకు మూర్ఛ. కళ్ళు తేలేశావు. గేటాయన కారులోకి తొంగి చూశాడు. ఎర్రజెండా పట్టుకుని పట్టాల మీద పరిగెత్తాడు. మెయిలు ఆపి, మనకి గేటు తీశాడు. ఏలూరు ఆసుపత్రిలో డాక్టరమ్మ అంది, ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదని."

"నాకెప్పుడూ చెప్పలేదేంటమ్మా?"

"రూలు తప్పి తీశాడు కదరా. బయటికి పొక్కితే ఆయన కూటికి ముప్పని మీ నాన్న నోరెత్తనివ్వలేదు. మనం తిరిగొచ్చేసరికి గేటులో కొత్త మనిషి. బదిలీ అయిందనుకున్నాం. ఏ గేటుకి మార్చారోనని మీ నాన్న పోయేదాకా వెతికారు."

నెల్సన్ చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాడు.

స్టేషను పట్టాలకు అవతల. గేటు పడి ఉంది. పాసింజరు కదిలింది.

"వీర్రాజూ! ఒక్క నిమిషం తియ్యవయ్యా!"

గేటుమేన్ వీర్రాజు కుర్రవాడు. నెల్సన్ దగ్గర చదువుకున్నవాడే. పచ్చజెండా పట్టుకుని అడ్డంగా తల ఊపాడు.

రైలు గేటు మీదికి వచ్చేసింది. ఒక కిటికీలో ముసలాయన కనిపించాడు. సంచి ఒళ్ళో పెట్టుకుని తల వంచుకుని ఉన్నాడు.

"బతికాడండీ!" నెల్సన్ చేతులెత్తి అరిచాడు. "బతికాడు! నేనేనండీ!"

చక్రాల మోతలో ఆ మాట అతనికే వినపడలేదు.

రైలు వెళ్ళిపోయాక వీర్రాజు గేటు ఎత్తుతూ అన్నాడు.

"ఏమనుకోకండి మాస్టారూ. వెనకటికి ఈ గేటులోనే ఒకాయన ఎవరి బిడ్డ కోసమో మెయిలు ఆపి గేటు తీస్తే, ఆ సాయంత్రమే ఉజ్జోగం పీకి పంపేశారంట. అలా మాత్రం చెయ్యొద్దని మాకు ట్రైనింగులో ఇప్పటికీ ఆయన సంగతే చెప్తారండి."