గట్టు పోలేదు, జరిగింది

జనగామలోని ఒక కళాశాల గదిలో హాజరైనవారు వరుసగా వీరు: బయటి పరీక్షకులుగా విశ్రాంత ఇంజినీరు ప్రభాకర్, ఆయనకు ఎడమ పక్కన మార్గదర్శకురాలు స్వప్న, ఎదురుగా విద్యార్థిని ఖుష్బూ, ద్వారం వద్ద గుమాస్తా సంజీవ. చివరి కుర్చీలో, చేతిసంచి ఒడిలో పెట్టుకొని, ప్రభాకర్ భార్య సుమన. మౌఖిక పరీక్ష ముగియగానే ఆమెను కంటి వైద్యునికి చూపించవలసి ఉన్నది.

అమ్మగారి పేరు కూడా హాజరుపట్టీలో రాయమంటారా అని సంజీవ అడిగాడు.

"అవసరం లేదు. ఆమెకు ఈ విషయంతో సంబంధం లేదు," అన్నారు ప్రభాకర్.

ఖుష్బూ ప్రాజెక్టు నిర్వహణ, ప్రజా సంబంధాల శాఖలో స్నాతకోత్తర విద్యార్థిని. ఆమె పరిశోధనాంశం గార్ల దగ్గర వాగు మీది వంతెన. పదకొండేళ్ళ క్రితం దానిని గడువులోగా పూర్తి చేసిన అధికారి ప్రభాకరే గనుక, పరీక్షకు ఆయననే పిలిచారు. వంతెనకు చేరే దారి కోసం నలభై ఒక్క కుటుంబాలు తలా రెండు గుంటల భూమి వదులుకోవలసి వచ్చింది. గ్రామసభలో అందరూ లేచి వెళ్ళిపోయారు. అయినా నలభై రోజుల్లో అందరూ సంతకాలు చేశారు. తాను స్వయంగా రాసిన నాలుగు పుటల కరపత్రమే దానికి కారణమని ప్రభాకర్ విశ్వాసం. దాని ప్రతి ఒకటి ఆయన ఇంటి గోడకు పటం కట్టి ఉన్నది.

కరపత్రం ఒక్క కుటుంబాన్ని కూడా ఒప్పించలేదని ఖుష్బూ పరిశోధన అరవై రెండవ పుటలో ఉన్నది. ఆ వాక్యాన్ని ప్రభాకర్ మూడుసార్లు చదివారు.

"దేని ఆధారంగా రాశావు?"

"కరపత్రంల 'భూమిని పరిత్యజించవలసినదిగా' అని ఉన్నది సార్. ఊరిడిసి పొమ్మంటున్నరని సమజ్ చేసుకున్నరు."

"సమజ్ చేసుకున్నరు కాదు. అర్థం చేసుకున్నారు."

"అర్థం చేసుకోలేదు సార్. నేను చెప్పేది గదే."

స్వప్న దగ్గు తెచ్చుకున్నారు. చివరి కుర్చీలో గాజులు గలగలమన్నాయి. ప్రభాకర్ గార్లలో ఉద్యోగం చేసిన రోజుల నుంచి సుమనకు రెండు చేతుల నిండా గాజులే. ఈ వయస్సులో ఆ చప్పుడు ఎందుకని ఆయన ఎన్నోసార్లు అన్నారు.

"జర మెల్లగ అడుగుండ్రి. పిల్ల పరేషానయితున్నది," అన్నారు సుమన.

"జర కాదు, కాస్త," అన్నారు ప్రభాకర్, తల తిప్పకుండానే. దేవరుప్పులలో పుట్టిన ఆ యాసను నలభై ఏళ్ళుగా ఆయన సరిదిద్దుతూనే ఉన్నారు.

మరి ఒప్పించినదెవరు? పరిశోధనలో ఆ మనిషికి పేరు లేదు. అంతటా 'వ్యక్తి-1' అని మాత్రమే ఉన్నది. ఇంటింటికీ వెళ్ళి, అరుగుల మీద కూర్చొని, వ్యక్తి-1 చెప్పిన మాటను ఖుష్బూ ఉన్నదున్నట్టు ఉటంకించింది: "పొలం గట్టు పోతలేదవ్వా, జరుగుతున్నది. బిడ్డ అత్తగారింటికి పోతే బిడ్డ పోయినట్టా?"

పేరు లేని సాక్షి సాక్షి కాదన్నారు ప్రభాకర్. ఇది కల్పితమని, తాను ఉత్తీర్ణత ఇవ్వలేనని చెప్పి, మార్కుల పత్రం ముందుకు లాక్కున్నారు.

సోమవారం ఖుష్బూ భూపాలపల్లిలో ఉద్యోగంలో చేరవలసి ఉన్నది. ఫలితం చూపించకపోతే ఆ స్థానం మరొకరికి పోతుంది. పేరు విభాగానికి ఇచ్చిన సీలు కవరులో ఉన్నదని, మార్కులు పడిన తరువాతనే దానిని విప్పాలన్నది నియమమని స్వప్న వివరించారు. పేరు చెప్పి గట్టెక్కమని ఖుష్బూకు కూడా నచ్చజెప్పారు.

"ఆ మనిషికి మాటిచ్చిన మేడం. పేరు చూసి మార్కులు పడొద్దన్నరు."

సుమన లేచి నిలబడ్డారు. "నేనొక మాట చెప్పాలె."

"వైద్యునికి ఇంకా సమయమున్నది. కూర్చో."

ఆమె కూర్చున్నారు. ప్రభాకర్ కలం తీశారు. అప్పుడు ఖుష్బూ గొంతు సవరించుకున్నది.

"ఆ వ్యక్తి-1 ఒంటిగ పోలేదు సార్. మా అమ్మీ గాజుల గంపెత్తుకోని పోతె, ఎంబడి పోయిన్రు. గాజులమ్మేటామెను ఎవ్వరు గడప కాడ నిలవెట్టరు గద."

కలం ఆగింది. రబియా బీ! గార్లలో తమ క్వార్టరుకు కూడా వచ్చి గంప దించిన మనిషి. ఎంబడి పోయినవారు వేరే ఎవరూ ఉండరని, తల్లి పేరు దాచడానికే బిడ్డ ఈ ముసుగు వేసిందని ప్రభాకర్ నిశ్చయించుకున్నారు. సాక్షి కల్పితం కాదని తేలింది; ఆ గడుసుతనం కూడా ఆయనకు నచ్చింది.

"నా కరపత్రం గాజుల గంపకు ఓడిపోయిందన్నమాట," అని నవ్వి, నూటికి డెబ్బై రెండు వేసి సంతకం చేశారు.

ఖుష్బూ కళ్ళు తుడుచుకున్నది. సుమన సంచి అందుకున్నారు.

"సంతకమయింది గద. ఇగ దవాఖానకు పోదాం."

"నియమం నియమమే. కవరు విప్పి చదివి వెళ్దాం."

సంజీవ సీలు చించి కాగితం అందించాడు. పరిశోధన గ్రంథానికి మొదటి పుటగా చేర్చవలసిన కృతజ్ఞతా పత్రం అది. ప్రభాకర్ తమకు అలవాటైన స్పష్టమైన ఉచ్చారణతో ప్రారంభించి, నాలుగో మాట తరువాత ఆగిపోయారు. చివరి కుర్చీలో గాజుల చప్పుడు కూడా లేదు.

స్వప్న ఆ కాగితాన్ని అందుకొని, అందరికీ వినిపించేటట్లు చదివారు.

"గార్ల వంతెనకు దారి సాధించిన శ్రీమతి సుమనా ప్రభాకర్ గారికి కృతజ్ఞతలు."