పళ్ల తొడుగు

యాగొద ఉతకాల్సిన బట్టల జేబులు తడుముతోంది. కిటికీ అవతల వాకిట్లో ఆమె అత్త వుకోసవ, ఏడాదికి సరిపడా పచ్చడి పెట్టడానికి, కాల్చిన పెద్ద ఎర్ర బుట్టమిరపకాయల తొక్క ఒలుస్తోంది. ఎదురుగా పీట మీద రాళ్లు చెక్కే బొగొసావ్ కాఫీ తాగుతున్నాడు.

“మీలున్ బాబాయి పోయి ఏడాది కావస్తోంది పిన్నీ. సమాధి రాయి మీద ఆయన ముఖం చెక్కేశాను. పక్కన నీ ముఖానికి చోటు ఖాళీగా ఉంది. ఊళ్లో అందరికీ అంతేగా, మొగుడూ పెళ్లాల ముఖాలు ఒకేసారి చెక్కుతాం, మిగిలినవాళ్లు పోయిన తేదీ ఒక్కటే తర్వాత. నువ్వు ఫొటో ఇవ్వకపోతే రాయి ఎలా నిలబెట్టను?”

“ఇస్తాలే. నేనింకా బతికే ఉన్నాగా.”

“పెళ్లి ఫొటో ఉందిగా?”

“అందులో నోరు మూసుకుని ఉన్నాను.”

“నువ్వు నోరు మూసుకున్నది ఆ ఒక్క రోజేనని బాబాయి చెప్పేవాడు.”

“ఆయనకేం, రాతి మీద కూడా నవ్వుతూనే ఉన్నాడట. పక్కన నేను ఏడుపు ముఖం పెట్టుకుని ఉండనా?”

“కాఫీ నాకొక్కడికే పోశావే?”

“నాకు కడుపులో మంట. పాలతో సరిపెట్టుకుంటున్నా.”

బొగొసావ్ గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. అప్పుడే యాగొద చేతికి భర్త రాదోష్ కోటు లోపలి జేబులో ఏదో గట్టిగా తగిలింది. చిన్న ప్లాస్టిక్ డబ్బా. అందులో పల్చటి పళ్ల తొడుగులు రెండు, పై వరసకొకటి, కింది వరసకొకటి. పక్కనే సూది లేని సిరంజిలో చిక్కటి జెల్.

అవేమిటో ఆమెకు తెలుసు. కుట్టు ఫ్యాక్టరీలో పక్క మిషను మీద కూర్చునే నెవెంకా, కూతురి పెళ్లికని ఇలాంటివే చేయించుకుంది. డాక్టరు నోటి అచ్చు తీసి, దాన్నిబట్టి తొడుగు తయారుచేస్తాడు. అందులో బియ్యపుగింజంత జెల్ పెట్టి, రాత్రి వేసుకుని పడుకుంటే పళ్లు తెల్లబడతాయి. కాఫీ, మిరప పచ్చడి, ఎర్ర వైను అన్నీ బంద్. “ఎవరి తొడుగు వాళ్లకే పడుతుంది. ఇంకొకళ్లది పెట్టుకుంటే జెల్ కారి చిగుళ్లు మండిపోతాయి,” అని చెప్పింది నెవెంకా.

రాదోష్ పళ్లు మాత్రం పొగాకుతో ఎప్పటిలాగే పచ్చగా ఉన్నాయి.

కట్టెలు మోసుకుని లోపలికి వచ్చిన అతని ముందు డబ్బా పెట్టింది.

“ఎవరిదిది?”

రాదోష్ కట్టెలు దించాడు. “నాదే అనుకో.”

“అయితే పెట్టుకో. చూస్తాను.”

పెట్టుకోబోయాడు. తొడుగు ముందు పళ్ల దగ్గరే ఆగిపోయింది.

“ఇంత చిన్న నోరు ఆడదానిదే. ఎవత్తది?”

“చెప్పలేను. చెప్పనని మాటిచ్చాను. అంచు చిగుళ్లకు గుచ్చుకుంటోందంటే, డాక్టరు దగ్గర అరగదీయించి తెచ్చాను. అంతే.”

“అయ్యో పాపం, చిగుళ్లు నొచ్చాయా మహాతల్లికి? నేను పన్ను పీకించుకున్న రోజు, నోట్లో దూది కుక్కుకుని బస్సులో ఒక్కదాన్నే వచ్చాను. ఆరోజు నీకు పొలంలో పనుంది.”

డబ్బా తీసుకుని వాకిట్లోకి నడిచింది.

“అత్తయ్యా, నేను పెదాలకు కాస్త రంగేస్తే, ఏడాది తిరగని ఇంట్లో సిగ్గులేదా అన్నారు. ఇదిగో, మీ అబ్బాయి ఎవత్తి పళ్లకో సున్నం కొట్టిస్తున్నాడు. ఇప్పుడనండి.”

వుకోసవ తలెత్తలేదు. “అరవకు. గోడ అవతల జనం ఉన్నారు. ముందు ఈ పచ్చడిలో ఉప్పు చూడు.”

“మీరే చూసుకోండి. ఈ ఏడు ఒక్క గరిటె మీరు నోట్లో పెట్టలేదు. చీకటి పడితే గది తలుపేసుకుంటారు, పిలిచినా పలకరు. ఉప్పూ నేనే చూడాలి, మొగుడు ఎటు పోతున్నాడో కూడా నేనే చూడాలి.”

“అమ్మని లాగకు,” అన్నాడు గుమ్మంలోంచి రాదోష్.

“సరే, నువ్వే చెప్పు. లేదంటే క్రాల్యెవో బస్సెక్కి మా అక్క దగ్గరికి పోతాను. మళ్లీ ఈ గడప తొక్కను.”

వుకోసవ చేతిలో మిరపకాయ చితికిపోయింది.

యాగొద లోపలికి వెళ్లి సంచి కట్టుకుంది. కోపంలో చలికోటు మరిచిపోయి, వేసవి చెప్పులు రెండు జతలు కుక్కింది. వంటింట్లోకి వచ్చేసరికి రాదోష్ బల్ల దగ్గర నిలబడి ఉన్నాడు.

“ఒక్క పేరు. ఒక్కటి చెప్పు, ఆగిపోతాను.”

“నువ్వు అనుకుంటున్నది కాదు యాగొదా.”

“ఏది కాదో చెబుతావు, ఏదో చెప్పవు. ఆవిడ పరువు కోసం నన్ను వదులుకుంటావన్నమాట.”

అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ కన్నీళ్లు చూసి ఆమెకు ఒళ్లు ఇంకా మండింది. పొయ్యి మూత తెరిచి డబ్బా ఎత్తింది.

వెనకనుంచి ఒక చెయ్యి ఆమె మణికట్టు పట్టుకుంది. నల్ల తలగుడ్డ కింద వుకోసవ ముఖం పొగకు కందిపోయి ఉంది. కొడుకుని వెనకేసుకొస్తుందనుకుని, యాగొద మాటకు మాట సిద్ధం చేసుకుంది. వుకోసవ డబ్బా తీసుకుని కుళాయి దగ్గరికి వెళ్లింది. వాళ్లకు వీపు పెట్టి చేతులు కడుక్కుంది. తొడుగులు కడిగింది. ఇటు తిరిగి, కోడలి ముఖంలో ముఖం పెట్టి పెదాలు విడదీసింది. అలాగే ఒక క్షణం నిలబడి, గడప దాటి వెళ్లిపోయింది.

తొడుగులు ఆమె పళ్లకు అచ్చంగా సరిపోయాయి.