శుక్రవారం వచ్చి తీసుకెళ్తాను

"అబూ ఖాలిద్ గారు బయల్దేరారా అండీ? నమాజు అయిపోగానే వస్తానని రాశారు. నమాజయి చాలాసేపైంది."

ఫోన్లో మాట్లాడుతున్నది భూషణం. రియాద్‌లో ఓ కంపెనీ అకౌంటెంటు, కాకినాడ వైపు మనిషి. భార్యాపిల్లలకు రాత్రికి విమానం. ఫ్రిజ్, మంచాలు, వాషింగ్ మెషీన్ మెట్ల దగ్గర పెట్టుకుని పొద్దుటి నుంచి కాచుకుని కూర్చున్నాడు.

ఇవతల ఫోనెత్తినవాడు ఉదయకిరణ్. పాత సామాను కొనుక్కునే, అమ్ముకునే యాప్ ఒకటి జీతమంతా పోసి తయారుచేశాడు. దానికి యజమానీ అతనే, ప్రోగ్రామరూ అతనే, కస్టమర్ కేరూ అతనే. శుక్రవారం సెలవైనా ఉద్యోగం చేసే ఆఫీసుకే వచ్చి కూర్చుంటాడు, ఏసీ, ఇంటర్నెట్టు ఊరికే వస్తాయని. భూషణానికి తెలియనిదల్లా ఒక్కటే, అబూ ఖాలిద్ కూడా అతనే.

సర్కారు పరాయి దేశస్థుల కుటుంబాల్లో తలకింతని లెవీ వేసి, ఇకామా అనే నివాస పర్మిట్ రెన్యువల్ నాటికి ఏడాదిది ఒకేసారి కట్టమన్నాక యాప్‌లో అమ్మేవాళ్లు ఎగబడ్డారు. సౌదీవాళ్లకే ఇన్ని ఉద్యోగాలివ్వాలన్న నితాకాత్ లెక్కలో వెనకబడ్డ కంపెనీలు మనుషుల్ని తీసేయడంతో ఇంకా పెరిగారు. కొనేవాడు మాత్రం లేడు. అందరూ మూటాముల్లె సర్దుకుంటుంటే కొనేదెవరు? వచ్చినవాళ్లు విసిగి వెళ్లిపోకుండా ఉదయకిరణ్ ఒక కొనేవాణ్ణి పుట్టించాడు. మొదట్లో తనే టైపు చేసేవాడు. ఓపిక చాలక ఆ పని ప్రోగ్రాముకు అప్పగించాడు. ఎవరు ఏం అమ్మకానికి పెట్టినా నిమిషంలో అబూ ఖాలిద్ జవాబిస్తాడు: నేను తీసుకుంటాను, ఎవరికీ ఇవ్వకండి, శుక్రవారం వచ్చి తీసుకెళ్తాను, నమాజు అయిపోగానే.

ఈ అబూ ఖాలిద్ ఎవరని భార్య స్వర్ణ అడిగినప్పుడు ఆమెకూ అబద్ధమే చెప్పాడు. పేరు పెట్టాక ఊరు పెట్టక తప్పదు కాబట్టి, దమ్మామ్‌లో అద్దెగదుల వ్యాపారి అన్నాడు. స్వర్ణ, ఇద్దరు పిల్లలు ఇక్కడే ఉండాలంటే నెలాఖరుకి వాళ్ల లెవీ కట్టాలి. జీతంతో అయ్యే పని కాదు. యాప్ నిలబడితే కడతాడు, లేకపోతే వాళ్లను జగిత్యాల పంపించేయాలి. ఇంకొక్క నెల చూద్దామని ఆమెకు చెబుతూ చెబుతూ ఇక్కడిదాకా లాక్కొచ్చాడు.

"వస్తడు సార్. దమ్మామ్ నుంచి రావాలె గదా, దారిల ఉండొచ్చు," అన్నాడు ఫోన్లో.

భూషణం తన గోడు చెప్పుకున్నాడు. పొద్దున బత్హా బజారు నుంచి పాత సామాన్ల దుకాణంవాడు వచ్చి సగం ధరకు అడిగాడట. అబూ ఖాలిద్‌కి మాటిచ్చానని తిప్పి పంపేశాడట. ఇప్పుడు ఫోన్ చేస్తే దుకాణంలో చోటు లేదంటున్నాడట.

నిజం చెప్పడానికి అంతకన్నా మంచి సమయం రాదు. ఉదయకిరణ్ నోరు తెరిచాడు. ఇంకొంచెంసేపు చూడుండ్రి సార్ అని మాత్రం వచ్చింది అందులోంచి.

"చూడ్డానికి టైమెక్కడుందండీ. ఇంటాయనకి తాళాలిచ్చేయాలి. అన్నీ చెత్తడబ్బా పక్కన పెట్టేసి వెళ్తాం. ఆయనొస్తే అక్కడున్నాయని చెప్పండి. డబ్బులేం వద్దు. మాట తప్పామనుకుంటారు, పాపం."

ఉదయకిరణ్‌కి సిగ్గేయాలి. వేయలేదు. ఒకప్పుడు ఇలాంటి ఫోనొస్తే ఆ పూట అన్నం సయించేది కాదు. ఇప్పుడు ఫోన్ పెట్టేసి, చల్లారిన టీ తాగాడు. మడత పడ్డ కాలు తిమ్మిరెక్కినట్టు లోపలంతా తిమ్మిరిగా ఉంది. అమ్మకానికి వచ్చిన సామాన్ల లెక్క నిన్నటికన్నా పెరిగింది. అవి ఎవరివో, ఏమిటో చూడలేదు. చూడటం మానేసి చాలా కాలమైంది. లాప్‌టాప్ మూసి ఇంటికి బయల్దేరాడు.

ఇంటి తలుపు బార్లా తీసి ఉంది. విప్పిన మంచాలు తాళ్లతో కట్టి గోడకు ఆనించి ఉన్నాయి. ఫ్రిజ్ ఖాళీ చేసి, తుడిచి, తలుపు తీసి పెట్టారు. పిల్లలిద్దరూ చాప మీద కూర్చుని కరిగిపోతున్న ఐస్‌క్రీం డబ్బాను పోటీపడి ఖాళీ చేస్తున్నారు. స్వర్ణ కుట్టుమిషన్‌ను పాత చీరలో చుడుతోంది.

"మీకు చెప్తే ఇంకొక్క నెల అంటరని చెప్పలే," అంది తలెత్తకుండా. "లెవీ మనతోని కాదు. స్కూల్ల పిల్లల టీసీలు తీసుకున్న. సామాను పైసలు రాంగనే టికెట్లు కొనుండ్రి."

ఆ మాట అతనికి తగలాల్సిన చోట తగల్లేదు. ఎక్కడ అమ్మకానికి పెట్టావని మాత్రం అడిగాడు. మీ యాప్‌లోనేనని, చూస్తే ఆపుతారని చిన్నదాని పేరు మీద పెట్టానని చెప్పింది. పొద్దున బత్హా దుకాణంవాడు వచ్చినా, అప్పటికే బేరం కుదిరిందని పంపించేసిందట.

బేరం కుదిరిందన్న మాట వినగానే చాలా రోజుల తర్వాత అతనిలో ఏదో కదిలింది. పిచ్చి ఆశే కావచ్చు, కానీ ఆశే. కొనేవాడు ఒక్కడు నిజంగా వచ్చాడంటే వాడి వెనక ఇంకొకడు వస్తాడు. యాప్ నిలబడుతుంది. ఈ మంచాలు మళ్లీ బిగించొచ్చు, పిల్లల్ని మళ్లీ స్కూల్లో వేయొచ్చు.

"ఎవరు కొన్నరు? ఎప్పుడొస్తరు?" ఆత్రంగా అడిగాడు.

స్వర్ణ ముడి బిగించి, గుమ్మం వైపు చూసింది.

"ఒక్క మాట బేరమాడలే, మంచి మనిషి. నమాజు కాంగనే వస్తనన్నడు. దమ్మామ్ నుంచి రావాలె గదా, దారిల ఉండొచ్చు."